బేకరువీథి గోష్ఠి

షెర్లాకు హోమ్సు పేరు వినని చదువరులు మన యిండ్లలో నరుదు. పిల్లలు పాఠశాలలో సంక్షిప్తముగాఁ జదివియుందురు; పెద్దలు రైలుప్రయాణములలోఁ గాలక్షేపమునకుఁ జదివియుందురు; ఏ పుస్తకమును ముట్టనివారు చలనచిత్రములలోనైనఁ జూచియుందురు. ఆర్థరు కానన్ డాయిలు అను వైద్యుఁడు 1887వ సంవత్సరమున నొక క్రిస్మసు సంచికలో నీతనిని మొదటఁ బ్రవేశపెట్టెను. అది మొదలు 1927 వఱకుఁ గల 40 సంవత్సరములలో 4 నవలలును 56 చిన్నకథలును వెలువడినవి. ఈ 60 రచనల గుణదోషములను దూఁచుట మా యుద్దేశము కాదు. ఆ పని పెక్కండ్రు చేసియున్నారు. ఆ కథలను జదివి, మరలఁ జదివి, అప్పటికిని విడువలేక, ఒకచోటఁ గూడి విందులు చేసికొనుచు, చిన్నచిన్న పత్రికలు నడపుకొనుచు, ఒకరి కొకరు లేఖలు వ్రాసికొనుచు వచ్చిన యభిమానుల మాటలను మేమిప్పుడు పరిశీలింపఁ దలఁచితిమి.

ఇదియు నొక విమర్శింపఁదగిన విషయమా యని కొందఱు నవ్వవచ్చును. పండితుఁడు తన పేరునకు భంగము కలుగునేమో యని జాగ్రత్తపడి వ్రాయును. పత్రికాసంపాదకుఁడు చందాదారుల మొగము చూచి వ్రాయును. బ్యాంకిలోని గుమాస్తాయు, పల్లెలోని వైద్యుఁడును, పిల్లలను నిద్రపుచ్చి దీపముకడఁ గూర్చున్న గృహిణియుఁ దమకుఁ బ్రియమైన పుస్తకమును గూర్చి తమలోఁ దాము చెప్పుకొను మాటల కట్టి భయము లేదు. కనుక నొక సమాజము ఏ విషయములను మనసార నాలోచించుచున్నదో, ఏ విషయములను జూచియుఁ జూడనట్లు దాఁటిపోవుచున్నదో, ఇట్టి మాటలలోఁ దెలిసినంత స్పష్టముగాఁ బెద్ద గ్రంథములలోఁ దెలియదు. మేమీ గోష్ఠిని బట్టించుకొనుటకు నదియే కారణము.

ఈ గోష్ఠి కొక విచిత్రమైన నియమము గలదు. హోమ్సు నిజముగా జీవించినవాఁడు. అతని మిత్రుఁడగు డాక్టరు వాట్సను ఆ చరిత్రలను వ్రాసినవాఁడు. కానన్ డాయిలో, వాట్సను వ్రాఁతప్రతులను ప్రచురణకర్తలకుఁ జేరవేసిన మధ్యవర్తి మాత్రమే! ఈ నియమమును మనసులోఁ బెట్టుకొని, పెదవిపైఁ జిఱునవ్వైన రానీయక, చరిత్రకారుఁడు శాసనములను బరీక్షించునట్లు కథలను బరీక్షింపవలెను. దీనికి దారి చూపినవాఁడు రోనాల్డు నాక్సు. ఆయన 1911లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున నొక సభలో హోమ్సు వాఙ్మయమును గూర్చి యొక వ్యాసము చదివెను. బైబిలు గ్రంథమును ముక్కలుముక్కలుగాఁ గోసి, ఈ భాగ మొకరిది, ఆ భాగ మింకొకరిది యని తేల్చుచుండిన పండితుల పద్ధతి నెగతాళి చేయుటకే ఆయన యీ వేషము వేసెను. (ఆయనయే తరువాత రోమను కాథలిక్కు గురువై బైబిలు నంతయు నింగ్లీషున ననువదించెను.) డాయిలు ఆ వ్యాసమును జూచి, తన కథలను గూర్చి యొక మనుష్యుఁ డింత శ్రమపడెనా యని యాశ్చర్యపడుచు నాక్సునకు లేఖ వ్రాసెను. ఎగతాళి పోయినది, పద్ధతి నిలిచినది. 1934లో క్రిస్టఫరు మోర్లీ యను రచయిత న్యూయార్కు నగరమున 'బేకరువీథి యిర్రెగ్యులర్లు' అను సంఘమును స్థాపించెను. కథలలో హోమ్సునకు వార్తలు చేరవేయు వీథిబాలుర దండున కదియే పేరు. 1946లో వారి పత్రిక వెలువడినది. 1951లో లండనున వేఱొక సంఘ మేర్పడినది. ఇవి నేఁటికిని నడచుచున్నవి.

వీరి పరీక్ష లెట్టివో యొకటి రెండు చూపెదము. ఆఫ్గను యుద్ధమున వాట్సనునకుఁ దగిలిన గుండు మొదటి నవలలో భుజమునఁ దగిలినది. రెండవ నవలలోఁ గాలికిఁ దగిలినది. రచయిత మఱచిపోయెనని మన మొక్కమాటతోఁ దేల్చివేయుదుము. గోష్ఠివారికి రచయితయే లేఁడు గదా! గుండ్లు రెండా? ఒక్క గుండే రెండుచోట్ల గాయపఱచెనా? వాట్సను వంగియున్నప్పుడు తగిలెనా? ఇట్లు నూఱు తెఱంగుల యూహలు. మఱియొకటి వినుఁడు. వాట్సను పేరు జాను. కాని యొక కథలో భార్య యతనిని జేమ్సని పిలుచును. కట్టుకొన్న భార్యకు భర్త పేరు తెలియదా? డొరొతీ సేయర్సు అను రచయిత్రి దీనికిఁ జెప్పిన సమాధానము మాకు మిక్కిలి నచ్చినది. జాను హెచ్. వాట్సను అను పేరిలోని హెచ్ అను నక్షరమునకు 'హేమిషు' అని విస్తరణము చెప్పి, స్కాట్లండువారి హేమిషే ఇంగ్లీషువారి జేమ్సు గనుక, భార్య ముద్దుగా నా నడిమి పేరునే పిలిచినదని యామె నిరూపించెను. మన పెద్దలలో భర్త పేరు పలుకనొల్లని యిల్లాండ్రు ఈ యుపాయమును వినినచో సంతోషింతురు.

కోలాచలము మల్లినాథసూరి తన వ్యాఖ్యానముల మొదట, మూలములో లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియుఁ బ్రతిజ్ఞ చేసెను. బేకరువీథి వ్యాఖ్యాతలు మొదటి ప్రతిజ్ఞను గట్టిగాఁ బట్టుకొని రెండవదానిని గంగలోఁ గలిపిరి. అయినను మేమీ యాటను దూషింపము. ఒక పుస్తకమున నూఱవ పుటలోని మాటను మున్నూఱవ పుటలోని మాటతోఁ బోల్చి చూచుట యలవాటైనవాఁడు, నిన్న సభలో నాయకుఁడు చెప్పిన మాటను నేఁడు చెప్పిన మాటతోఁ బోల్చి చూచును. వియ్యంకుఁడు పెండ్లికి ముందు పలికిన పలుకును పెండ్లియైన పిదప జ్ఞాపకము చేయును. మఱియు నీ పాండిత్యము నవ్వులాటతోనే ముగియలేదు. అమెరికాలో లెస్లీ క్లింగరు అను న్యాయవాది కథల కన్నిఁటికిని టిప్పణములు వ్రాసిన యభిమాని. డాయిలు వారసులు, హోమ్సు పాత్రను వాడుకొనువారెల్ల తమకు రుసుము చెల్లింపవలసినదే యని పట్టుపట్టఁగా ఆయన న్యాయస్థానమున కెక్కెను. 1923కుఁ బూర్వపు కథలలోని హోమ్సు సర్వజనుల సొత్తని 2014లో షికాగోలోని యప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఏ కథ యే యేఁట వెలువడెను, ఏ లక్షణము మొదట నెందుఁ గనఁబడెను, అను లెక్క యభిమానులకుఁ గంఠపాఠముగా నుండుట యా వ్యాజ్యెమునఁ దక్కువ సాయము చేసియుండదు.

గాయములును పేరులును గోష్ఠిలో సగభాగమే. తక్కిన సగము, కథలలోని యొక మాటను బట్టుకొని తమ బ్రదుకులను గూర్చి చేసికొను నాలోచన. మొదటి నవలలో హోమ్సు మనుష్యుని మెదడును అటుకతోఁ బోల్చును. అటుకలోఁ జోటు కొంచెము. పనికిరాని సామాను చేర్చినచోఁ బనికివచ్చునది సమయమునకు దొరకదు. కనుక భూమి సూర్యునిచుట్టుఁ దిరుగుచున్నదను మాట తనకుఁ దెలియదనియు, ఇప్పుడు వింటిఁ గాఁబట్టి మఱచుటకుఁ బ్రయత్నింతుననియు నతఁడు చెప్పును. ఈ వాదము మన యిండ్లలో మాత్రము లేదా? లెక్కలు చాలును, పద్యము లెందుకు, పరీక్షకు రానిది చదువ నేల యని కొడుకు చేతినుండి పుస్తకమును లాగికొను తండ్రులు మనకుఁ గొఱఁతగా లేరు. వారికి హోమ్సు మంచి సాక్షి. కాని గోష్ఠివారు హోమ్సునే హోమ్సున కెదురుసాక్షిగా బోనెక్కించిరి. గ్రీకు దుబాసి కథలో నీతఁడే యొక వేసవి సాయంకాలమున టీ త్రాగినపిమ్మట క్రాంతివృత్తపు వాలు మాఱుటకుఁ గల కారణములను ముచ్చటించుచుండును. భూమి తిరుగుట యెఱుఁగనివానికిఁ గ్రాంతివృత్త మెట్లు తెలిసెను? వేఱొక కథలోఁ బారసీక కవి హాఫిజు పేరు చెప్పును. ఇంకొకదానిలోఁ బదియాఱవ శతాబ్దపు సంగీతకర్త లాస్సుసు కృతులను గూర్చి గ్రంథము వ్రాయుచుండును. తుదకు 1926 నాఁటి కథలో, వృద్ధుఁడై తేనెటీగలను బెంచుకొనుచున్న హోమ్సు, తన మనసు మూటలతోఁ గిక్కిఱిసిన కొట్టుగది వంటిదని తానే యొప్పుకొనును. ఆ కథలో నొకఁడు సముద్రతీరమున వీఁపున వాతలు తేలి చచ్చిపోవఁగా, ఎప్పుడో ప్రకృతిశాస్త్రగ్రంథమునఁ జదివిన విషజలచరము జ్ఞప్తికి వచ్చుటచేతనే రహస్యము విడిపోయినది. అనఁగా నలువది యేండ్లక్రిందట నటుకనుండి పాఱవేయఁబూనిన సామానే యతనికిఁ దుదిని దిక్కయ్యెను. పిల్లవాఁ డేమి చదువవలెనను ప్రశ్నకు నింతకంటె మంచి సమాధానమును మేము విద్యాసంఘముల నివేదికలలోఁ జూడలేదు. దానిని గనిపెట్టినవారు విద్యాధికారులు కారు, కథల పిచ్చివారు.

మరణమును గూర్చియు వీరికొక తత్త్వము గలదు. 1893 డిసెంబరులో డాయిలు విసుగు చెంది హోమ్సును స్విట్జర్లండులోని జలపాతమునఁ బడవేసి చంపెను. ఒక స్త్రీ తనను పశువని సంబోధించుచు లేఖ వ్రాసెనని యాయన తన స్వీయచరిత్రలోఁ జెప్పుకొనెను. లండను యువకులు చేతులకు నల్లపట్టీలు గట్టుకొని తిరిగిరను మాట యందఱును జెప్పుదురు గాని దానికి నానాఁటి పత్రికలలో గట్టి సాక్ష్యము లేదు. అక్కఱయు లేదు, ఆ లేఖ యొక్కటి చాలును. 1903లో హోమ్సు చావనే లేదని యొప్పుకొని రచయిత మరలఁ గథలు వ్రాయవలసివచ్చెను. కథలలో బేకరువీథి 221బి అను నింట హోమ్సు కాపురము. కథలు మొదలైన కాలమున నా వీథిలో నంత పెద్ద సంఖ్యగల యిల్లే లేదు. తరువాత వీథిని బొడిగించి సంఖ్యలు మార్చిరి. 1932లో 219 మొదలు 229 వఱకు గల స్థలమున గృహనిర్మాణమునకు ఋణములిచ్చు నొక సంస్థ భవనము వెలసెను. అంతట నుత్తరములు రాసాగెను. హోమ్సుగారూ, మాకీ చిక్కు వచ్చినది, విడఁదీయుఁడని లోకమంతటినుండియు లేఖలు! సంస్థవారు వానికి బదులు వ్రాయుట కొక కార్యదర్శిని నియమింపవలసివచ్చెను. ఆ వ్రాసినవారందఱును మూఢులని మే మనుకొనము. పెక్కండ్రకు హోమ్సు లేఁడని తెలియును. తెలిసియు వ్రాసిరి. తమ చిక్కును ఓపికతో వినునొక మనసు ఎక్కడనో యున్నదని తలఁచుకొనుట మనుష్యునకుఁ గొంత యూరట.

ఇందొక వింత గలదు. కథలు వ్రాసిన డాయిలు కడపటి దినములలోఁ బ్రేతములతో సంభాషణములను నమ్మెను. 1922లో వనదేవతల ఛాయాచిత్రములను నిజమని సమర్థించుచుఁ బుస్తకము వ్రాసెను. ఆయన సృష్టించిన హోమ్సో, 1924లో వచ్చిన సస్సెక్సు రక్తపిశాచి కథలో దయ్యములకుఁ దన యింటఁ జోటులేదని త్రోసివైచెను. దయ్యములను నమ్మినవాఁడు హోమ్సును నమ్మలేదు. హోమ్సు బ్రదికియున్నాఁడనువారు దయ్యములను నమ్మరు. ఇరువురిలో నెవరు తెలివిగలవారో చదువరులే చెప్పవలెను.

ఇంతవఱకు మాకీ గోష్ఠిపైఁ బ్రేమయే. ఇఁక రెండు విషయములలో మాకు నసంతుష్టి గలదు. దానికిఁ బూర్వముగా నొక గులాబిని గూర్చి చెప్పవలెను.

1893లో వెలువడిన నౌకాసంధిపత్రము కథలోఁ బెర్సీ ఫెల్ప్సు అను విదేశాంగశాఖోద్యోగి రహస్యపత్రమును బోఁగొట్టుకొని, మతి చలించి, తొమ్మిదివారములు మంచము పట్టెను. అతనిని బెండ్లాడఁబోవు ఆనీ హారిసను పగటివేళఁ బరిచర్య చేయుచున్నది. హోమ్సు వచ్చి వృత్తాంతమంతయు విని, కిటికీకడకుఁ బోయి, వాలిన గులాబికాఁడను బట్టుకొని తత్త్వోపన్యాస మారంభించును. అన్నము, కోరికలు, బలములు బ్రదుకుట కావశ్యకములు. పువ్వు మాత్ర మావశ్యకము కాదు. ఆవశ్యకము కానిదానిని మన కిచ్చినది దైవము మంచితనమే గదా యని సారాంశము. అభిమానులు ఈ ఘట్టమును దేవునియందలి నమ్మకమునకు నిదర్శనముగాఁ గొందఱును, కిటికీ గడియను రహస్యముగాఁ బరీక్షించుటకు వేసిన యెత్తుగాఁ గొందఱును జెప్పుదురు. రెండును రసవంతములే. మేము చూచినది మఱియొకటి. గదిలోని రోగియు నానీయు నిరాశతోఁ జూచుచుండిరి. కొంతసేపటికి నానీ కొంచెము కటువుగా, ఈ రహస్యమును విడఁదీయు నాశ యేమైనఁ గలదా యని యడిగెను. తత్త్వవేత్త త్రుళ్లిపడి లోకములోనికి వచ్చెను. తరువాత హోమ్సు ఆమెను ఆ గదిలోనే దినమంతయుఁ గూర్చుండుమని కోరఁగా, ఎందుకని యడుగక యామె కూర్చున్నది. ఆమె కదలకుండుటచేతనే, ఆ గది నేలక్రింద దాఁచఁబడిన పత్రమును దొంగ యపహరింపలేక పోయెను. దొంగ యామె యన్నయే! గులాబిని గూర్చి వందలకొలఁది మాటలు పుట్టినవి. ఆమె యడిగిన యొక్క ప్రశ్ననుగూర్చి పుట్టినవి మిక్కిలి తక్కువ.

ఇది యాకస్మికము కాదు. మొదటి చిన్నకథలో ఐరీను ఆడ్లరు అను గాయని హోమ్సు పన్నిన పన్నాగమును గ్రహించి, పురుషవేషమున నతని గుమ్మము ముందే పలుకరించి పోయి, అతనిని ఓడించును. అది మొద లతఁ డామెను 'ఆ స్త్రీ' యని గౌరవముతోఁ బేర్కొనును. న్యూయార్కు సంఘమువారు తమ వార్షికవిందునఁ బ్రతియేఁటను ఒక మహిళను ఆ పేరిట నాహ్వానించుచుండిరి. విందునకు ముందు ఆమె గౌరవార్థము పానపాత్రల నెత్తుచుండిరి. పిమ్మట నామె లేచి వెలికిఁ బోవలసియుండెను. 1991 వఱకు విందు పురుషులకు మాత్రమే! మన దేశమున స్త్రీవిద్యను గూర్చి పురుషులు గంటలకొలఁది యుపన్యసించుచుండఁగా స్త్రీలు తెరచాటునఁ గూర్చుండి విను సభలను జూచినవారు దీనికి నాశ్చర్యపడరు.

1941లో నా విందునందే రెక్సు స్టౌటు అను ప్రసిద్ధ రచయిత లేచి వాట్సను ఆఁడుదియని వాదించెను. వేకువజామున నెవరు ముందు లేచిరి, ఎవ రెవరికై కాచియుండిరి, అలుకలు, నిట్టూర్పులు—వీనినెల్లఁ గథలనుండి యేఱి చూపి, ఇవి భార్య వ్రాఁతలే గాని మిత్రుని వ్రాఁతలు కావనెను. కథల పేరుల మొదటి యక్షరములను గూర్చి ఐరీను వాట్సను అను పేరును సైతము దీసి చూపెను. వారు నవ్విరి, కోపగించుకొన్నట్లు నటించిరి, ప్రతివాదములు వ్రాసిరి. కథకుఁడే స్త్రీయని వేళాకోళముగా నైనను నిరూపించుటకు నా సభలోఁ జోటున్నది. స్త్రీ వచ్చి కూర్చుండుటకు మాత్రము చోటులేదు! 1968 జనవరిలోఁ గొందఱు విద్యార్థినులు చలిలో విందుశాల వెలుపల ఫలకములు పట్టుకొని నిలిచిరి. వారు వేఱుగా నొక సంఘము పెట్టుకొనిరి. దాని సభ్యురాండ్రు పరిశోధనలో నెవరికిని దీసిపోలేదు. ఏ యొకరికో గౌరవబిరుద మొసఁగుట దక్క, ఆ విందుపంక్తిలో స్త్రీలకు సభ్యులుగా స్థానము 1991 వఱకును గలుగలేదు. 1934 నుండి లెక్కించిన నిది 57 సంవత్సరములు. వాట్సను గాయ మెక్కడనో తేల్చుటకు వారు తీసికొన్న కాల మిటువంటిదే. అది యింకను దేలలేదనుకొనుఁడు.

సాంప్రదాయమును గాపాడుట యాటలో భాగమని వారి సమర్థనము. ఆట యనఁగానే యన్నియుఁ జెల్లునా? గంభీరముగా నాడనిచో నీ యాటకు రుచిలేదని సేయర్సే చెప్పియుండెను. గాంభీర్యము పుస్తకములోని స్త్రీయెడలఁ జూపి, ద్వారముకడ నిలిచిన స్త్రీయెడలఁ జూపకుండుట మాకు గాంభీర్యముగాఁ గానరాదు.

రెండవ యసంతుష్టి మన సముద్రమునకు సంబంధించినది. 1890లో వెలువడిన రెండవ నవల, నలుగురి సంకేతము, 1857 నాఁటి ఆగ్రాకోటలో దోఁచుకొన్న నిధిని గూర్చినది. దోషియగు జొనాథను స్మాలు అండమాను దీవులకుఁ బంపఁబడి, అచ్చటి టోంగా యను మనుష్యుని వెంటఁబెట్టుకొని లండను చేరును. హోమ్సు అలమారునుండి లావుపాటి గెజెటీరు తీసి, అండమానువారు కురూపులు, క్రూరులు, నరమాంసభక్షకులని చదివి వినిపించును. టోంగా ఊదుగొట్టముతో విషపుములుకులు ప్రయోగించును. తుదకు థేమ్సునదిపై హోమ్సు, వాట్సనుల తుపాకులకు గుఱియై నీటఁ గలియును. నవల యంతటను మన కర్థమగు నొక్కమాట యైన నతఁడు పలుకఁడు.

అండమాను ప్రజల యాయుధము విల్లు. ఊదుగొట్టమును విషబాణమును వా రెఱుఁగరు. నరమాంసభక్షణమన్న నపవాదము పూర్వనావికుల కట్టుకథ. ఈ మాట చెప్పుటకుఁ దరువాతివారు రానక్కఱలేకపోయెను. పోర్టుబ్లెయరున నుద్యోగము చేసిన ఇ. హెచ్. మాను అను నింగ్లీషువాఁడు ఆ ప్రజల భాష నేర్చి, వారినడుమఁ దిరిగి, 1883 నాఁటికే లండనులోని మానవశాస్త్రపత్రికలో నా యపవాదమును ఖండించియుండెను. అనఁగా నవలకు ఏడేండ్లముందు, బేకరువీథికిఁ గూఁతవేటు దూరమున, నిజము అచ్చయి యున్నది. సాక్ష్యము దొరకకముందు సిద్ధాంతము చేయుట మహాపరాధమని శిష్యునకు మాటిమాటికిఁ జెప్పు హోమ్సు ఆ పుస్తకము నొక్కసారి యైన శంకింపలేదు. పొగాకు బూడిదను నూటనలువది విధములుగా విభజించినవానికి నొక జనసమూహము పుస్తకములోని యొక్క పేరాతోఁ దీఱిపోయినది!

అభిమానులు దీనిని బొత్తిగా గమనింపలేదనుట యన్యాయమగును. ఊదుగొట్టము పొరపాటని టిప్పణములు గలవు. అదే నవలలోని సిక్కుసిపాయిల పేరులు మహమ్మదుసింగు, అబ్దుల్లాఖాను అని యుండుటను గూర్చియు వారు విస్మయపడిరి. కాని యెట్లు గమనించిరి? వాట్సను భుజమును కాలిని గమనించినట్లే. ఒక చిక్కు, ఒక పరిష్కారము, ఒక చిఱునవ్వు. వాట్సను గాయము కల్పితము. దాని నెట్లు తేల్చినను ఎవరికిని నొప్పిలేదు. అండమానువారు కల్పితులు కారు. 1858లో బ్రిటిషువారు అచ్చటఁ గారాగారపు వలస నెలకొల్పునాఁటికి వేలసంఖ్యలో నుండిన గ్రేటు అండమానీయులు, బందూకులచేతను, అంతకంటె మిక్కుటముగాఁ గొత్తరోగములచేతను నశించి, నేఁడు నూఱుమందియైన లేరు. పోర్టుబ్లెయరు, 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చఁబడిన యూరు, మన తెలుఁగుకుటుంబములు పెక్కు తరతరములుగాఁ గాపురమున్న యూరు. అచ్చటి బాలిక యొకతె గ్రంథాలయమున నీ నవలను దెఱచినచో, చిక్కు విడఁదీసిన చిఱునవ్వు ఆమెకుఁ జాలదు.

డాయిలు కాలపుమనిషి, అట్లే వ్రాయును, అని త్రోసివేయువారికి డాయిలే యడ్డము వచ్చుచున్నాఁడు. పసుపుముఖము అను కథను జూడుఁడు. గ్రాంటు మన్రో యను నింగ్లీషు గృహస్థుని భార్య, మొదటి భర్తవలనఁ గలిగిన బిడ్డను దాఁచి పెంచును. ఆ మొదటి భర్త నీగ్రోజాతివాఁడు. ముసుఁగు తొలఁగఁగానే మన్రో కొంతసేపు నిశ్చేష్టుఁడై నిలిచి, పిమ్మట నా పిల్లను ఎత్తుకొని ముద్దుపెట్టుకొని, భార్యకుఁ జేయి చాఁచును. ఆ కేసున హోమ్సు ఊహ యంతయుఁ దప్పినది. తనకు గర్వము పెరిగినప్పుడు ఆ యూరి పేరు చెవిలో నూదుమని యతఁడు వాట్సనును గోరెను. మన్రో మౌనము ఒక దేశపు ముద్రణలో రెండు నిమిషములనియు, మఱియొక దేశపు ముద్రణలోఁ బది నిమిషములనియు నున్నది. గోష్ఠివారు ఈ రెండింటికిని బదింటికిని గల భేదమును వెదకి పట్టుకొనిరి. అది యెంత మంచి ప్రశ్న! మేలైన మనుష్యునకుఁ దన సమాజము నేర్పిన యసహ్యమును దిగమ్రింగుటకు నెంతకాలము పట్టును? ఈ యొక్కచోట వారి యంకెల పిచ్చి వారిని సరియైన గుమ్మముకడకే తెచ్చినది. లోపలి కేల పోరు?

ఎడల్జీ వ్యవహారమును వారు గర్వముతోఁ జెప్పుకొందురు, చెప్పుకొనఁదగినదే. జార్జి ఎడల్జీ యను న్యాయవాది, బొంబాయినుండి పోయి క్రైస్తవగురువైన పారసీకుని కుమారుఁడు. పశువులను గోసి చంపుచున్నాఁడని 1903లో నతనికి నేడేండ్ల శిక్ష పడెను. అతని చూపు మిక్కిలి మందమనియు, చీఁకటిరాత్రి పొలములకడ్డముగాఁ బోయి యట్టి పని చేయఁజాలఁడనియు డాయిలు కనిపెట్టి, 1907లోఁ బత్రికలో వ్యాసములు వ్రాసి, వర్ణద్వేషమే యతనిని జెఱకుఁ బంపినదని చాటెను. ఎడల్జీకి క్షమాపణము దొరకినది, నష్టపరిహారము దొరకలేదు. ఒక భారతీయుని కుమారుని గన్నులను దానే పరీక్షించి నిజము తెలిసికొన్న చేతులే, పదునేడేండ్లక్రిందట టోంగాను గెజెటీరు చూచి వ్రాసినవి. ఒకే మనుష్యునియం దీ రెండు నెట్లు కలిసియుండెను? నడుమ నేమి జరిగెను? వాట్సను పెండ్లిండ్లు ఎన్ని యను ప్రశ్నపై వ్యయమైన సిరాలో నొకపాలు దీనికిఁ జాలియుండును.

హోమ్సు కథలను దెలుఁగున ననువదించువారు నేఁటికిని గలరు. ఈ నవల యనువాదమునఁ బ్రతివానికిని గెజెటీరు పుట యడ్డుతగులును. దానిని విడిచిపెట్టవలెనని కొందఱును, మెత్తఁబఱుపవలెనని కొందఱును అందురు. మేము రెంటికిని నొప్పుకొనము. ఉన్నది యున్నట్లు తెలిఁగించి, అడుగున నాలుగు పంక్తుల టిప్పణము వేయవలెను: ఆ ప్రజల యాయుధము విల్లనియు, నరమాంసము మాట యబద్ధమనియు, అది యబద్ధమని నవలకు ఏడేండ్లకు ముందే లండనులో నచ్చయినదనియు, ఆ ప్రజలలో నేఁ డెందఱు మిగిలిరో యనియు. పుటలోఁ జోటు చాలకున్నచో వాట్సను కాలిని గూర్చిన టిప్పణమును గొంత కుదింపవచ్చును.